శిక్షల కంటే ముందు విచారణ పద్ధతి రాయండి: నిర్వాహక మండలికి బహిరంగ లేఖ

నిర్వాహక మండలి సభ్యులకు, ప్రవర్తనా నియమావళి ముసాయిదా రాసిన కమిటీకి నమస్కారం.

అందరూ కలిసి పేజీలు రాసి సరిదిద్దుకునే మన ఆన్‌లైన్ సముదాయానికి మీరు చర్చకు పెట్టిన ప్రవర్తనా నియమావళి అవసరమే. తిట్లు, బెదిరింపులు, వెంటపడి వేధించడం, ఒకరి సొంత వివరాలు బయటపెట్టడం లాంటివాటికి అడ్డుకట్ట లేని చోట పని తెలిసినవాళ్లు నిలవరు, నోరున్నవాళ్లే మిగులుతారు. కాబట్టి దీన్ని నియమాలే వద్దనేవారి లేఖగా చదవకండి. మా అభ్యంతరం వేరు. ఏం చేయకూడదో చెప్పడానికి ముసాయిదాలో పేజీలకు పేజీలు ఉన్నాయి. ఫిర్యాదు వచ్చాక ఏం జరుగుతుందో చెప్పడానికి మాత్రం ఒక్క వాక్యమే ఉంది: మండలి తనకు తగినదనిపించిన చర్య తీసుకుంటుంది. ఫిర్యాదు ఎవరు చదువుతారు, ఎన్నాళ్లలో తేలుస్తారు, అవతలివారి మాట వింటారా, నిర్ణయం తప్పైతే ఎవరు సరిదిద్దుతారు అన్నవేవీ లేవు. ఈ భాగం రాయకుండా నియమావళిని ఓటింగుకు పెట్టవద్దని కోరుతున్నాం.

ఆ ఒక్క వాక్యం ఎవరికీ మేలు చేయదు. వేధింపుకు గురైన వ్యక్తికి తన ఫిర్యాదు ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు. వేధించినవారి స్నేహితుడికే చేరవచ్చు. అందుకే చాలామంది ఫిర్యాదు చేయకుండానే ఖాతా వదిలేసి వెళ్లిపోతారు. ఆరోపణ ఎదుర్కొన్న వ్యక్తికి తాను ఏం చేసినందుకు నిషేధించారో తెలియదు. చుట్టూ ఉన్నవారు ఏ మాటంటే ఏమవుతుందోనని, పనిలో తప్పు కనిపించినా చెప్పడం మానేస్తారు. మండలికీ నష్టమే. పక్షపాతం చూపారని ఎవరైనా అంటే, ఇదిగో మేం పాటించిన పద్ధతి అని చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

2019 జూన్‌లో ఇంగ్లీషు వికీపీడియాలో జరిగింది ఇదే. పేజీలను తొలగించే, ఖాతాలను ఆపే నిర్వాహక హక్కులున్న ఒక అనుభవజ్ఞుడైన సభ్యుణ్ణి, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ ఆ ఒక్క వికీలో ఏడాదిపాటు నిషేధించి, ఆ హక్కులనూ తీసేసింది. ఫిర్యాదుల వివరాలు సముదాయానికి చెప్పలేదు, ఆ సభ్యుడికీ పూర్తిగా చూపలేదు. అతని ఖాతా రాయకుండా ఆపిన నిరోధాన్ని స్థానిక నిర్వాహకులు ఎత్తేశారు. ఫౌండేషన్ మళ్లీ పెట్టింది. పలువురు నిర్వాహకులు నిరసనగా తమ హోదాలు వదులుకున్నారు. చివరికి ఆ వికీ సభ్యులు ఎన్నుకున్న మధ్యవర్తిత్వ సంఘం కేసు చేపట్టి, సెప్టెంబరులో నిషేధాన్ని రద్దు చేసింది. కానీ నిర్వాహక హక్కులను మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఈ రెండో సగాన్ని చాలామంది మరచిపోతారు. అంటే ఫిర్యాదులన్నీ గాలిమాటలని ఎవరూ తేల్చలేదు, వాటిని విచారించిన తీరును సముదాయం ఒప్పుకోలేదు. ఆ మూడు నెలలూ చర్చంతా పద్ధతి చుట్టూనే తిరిగింది. అసలు ప్రవర్తన ఏమిటన్న ప్రశ్న వెనకబడిపోయింది.

ముందు నిర్వచనాల సంగతి. సముదాయ ప్రతిష్ఠకు భంగం కలిగించడం, అనుచిత వైఖరి, ప్రతికూల వాతావరణం సృష్టించడం అన్న మూడు అంశాలను తీసేయండి. ఇవి చేసిన పనిని కాక, చూసేవారి అభిప్రాయాన్ని కొలుస్తాయి. మండలి ఖర్చుల లెక్క అడిగిన సభ్యుడు కూడా ప్రతిష్ఠకు భంగం కలిగించినవాడి కిందికే వస్తాడు. వాటి స్థానంలో, లింకు ఇచ్చి చూపించగల పనులు రాయండి. వ్యక్తిని, కుటుంబాన్ని, పుట్టుకను, ఒంటి తీరును తక్కువచేసే మాటలు. హాని చేస్తామన్న బెదిరింపు. అనుమతి లేకుండా ఒకరి ఇంటి చిరునామా, ఫోను నంబరు, ఉద్యోగం, ఫొటో బయటపెట్టడం. ఇక రాయవద్దని చెప్పాక కూడా సొంత సందేశాలు పంపుతూనే ఉండటం. వేరొకరి పేరుతో ఖాతా తెరవడం. అడగని లైంగిక వ్యాఖ్యలు. ఫిర్యాదు చేసింది ఎవరో వెతికి పట్టుకోవాలని చూడటం.

వీటితోపాటు ఉండాల్సిన వెంటాడటం అన్నదాన్ని రాయడం కష్టం, దానికి మరో నాలుగు వాక్యాలు ఖర్చుపెట్టినా తప్పులేదు. ఒకరు పేజీల్లో చేసిన మార్పుల జాబితా తెరిచి, వాటిని వరసపెట్టి వెనక్కి తిప్పడం, అంటే రద్దు చేయడం, పైకి వేధింపులాగే కనిపిస్తుంది. కానీ ఒక సభ్యుడు కాపీహక్కులున్న పాఠ్యాన్ని ఎక్కించాడని తెలిశాక, మిగతావాళ్లు చేయాల్సిన పని సరిగ్గా అదే. తేడా మూడుచోట్ల తెలుస్తుంది. ప్రతి మార్పుకూ విడిగా కారణం రాశారా? మొదలుపెట్టే ముందు ఆ సభ్యుడికి చెప్పారా? తప్పులేని మార్పులను వదిలేశారా? మూడింటికీ అవునంటే అది తనిఖీ. కారణాలు రాయకుండా, మంచి మార్పులను కూడా తీసేస్తూ, ఆ సభ్యుడు ఏ కొత్త పేజీకి వెళ్తే అక్కడికల్లా వెళ్తుంటే అది వెంటాడటం. ఈ మూడు ప్రశ్నలనూ నియమంలోనే రాయండి.

అలాగే పని మీద విమర్శకు, మనిషి మీద దాడికి మధ్య గీత గీయండి. ఈ పేరాకు ఆధారం లేదు, తీసేస్తున్నాను అన్నది కటువుగా ఉండవచ్చు, ఉల్లంఘన కాదు. నీకు చదువు రాదు, ఇక్కడినుంచి పో అన్నది ఉల్లంఘన. మర్యాద పేరుతో మొదటిదాన్ని కూడా అణిచేస్తే పని నాణ్యత పడిపోతుంది.

నిర్వచనం తొందరలో రాస్తే ఏమవుతుందో, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ రాసే సముదాయం అనుభవం చూపిస్తుంది. 2015 నుంచి ఉన్న చిన్న పత్రాన్ని తీసేసి, 2018 సెప్టెంబరులో కాంట్రిబ్యూటర్ కోవెనెంట్ అనే నమూనా నియమావళి ఆధారంగా కొత్త నియమావళిని చేర్చారు. అందులో ఒకరి ఎలక్ట్రానిక్ చిరునామాను అనుమతి లేకుండా ప్రచురించడం తప్పు అన్న అంశం ఉంది. కెర్నల్‌లో ప్రతి మార్పు వెంటా రాసినవారి, పరీక్షించినవారి, లోపం చూపినవారి ఈమెయిల్ చిరునామాలు బహిరంగంగా నమోదవుతాయి. పని చేసే పద్ధతే అది. అక్షరాలా చదివితే రోజూ చేసే పనే ఉల్లంఘన అవుతుంది. అమలు బాధ్యత ఉపవిభాగాలను చూసుకునే మెయింటెయినర్ల మీద ఎంతవరకు ఉంటుందన్న ఆందోళన కూడా వచ్చింది. నెల తిరిగేసరికి, నియమావళిని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే విడి పత్రాన్ని చేర్చాల్సి వచ్చింది. మంచి నమూనా తెచ్చుకోవడంలో తప్పులేదు. మన పని తీరు పక్కన పెట్టి ఒక్కో వాక్యాన్నీ సరిచూడకపోవడమే తప్పు.

ఇక పద్ధతి. ఫిర్యాదు ఒక్కరి ఇన్‌బాక్సుకు వెళ్లకూడదు. ఐదుగురి విచారణ బృందం, ఇద్దరు ప్రత్యామ్నాయ సభ్యులు ఉండాలి. ఒక ఫారం, ఒక ఉమ్మడి ఈమెయిల్ చాలు. బృంద సభ్యుల మీదే ఫిర్యాదు అయితే ఎవరికి పంపాలో అదే పేజీలో రెండో చిరునామా ఉండాలి, దాన్ని ఆ ఐదుగురూ చూడలేకుండా పెట్టాలి. అందినట్టు 48 గంటల్లో జవాబు రావాలి. ఆ జవాబులో కేసు సంఖ్య, చూస్తున్నవారి పేర్లు, తర్వాతి అడుగు ఎప్పుడన్నది ఉండాలి. పేర్లు ముందే తెలిస్తే, ఫలానా వ్యక్తి వద్దు అని ఫిర్యాదుదారు చెప్పడానికి వీలుంటుంది.

ఆధారాల దగ్గరే ఎక్కువ కేసులు చెడిపోతాయి. పేజీ లింకు ఇస్తే సరిపోదు, రేపటికి ఆ పేజీ మారిపోతుంది. ఆ నిర్దిష్ట కూర్పుకు శాశ్వత లింకు కావాలి. స్క్రీన్‌షాట్ ఒక్కదాన్నే ఆధారంగా తీసుకోకండి, ముందు మాట కత్తిరించి వెనక మాట మాత్రమే పంపడం సులువు. సంభాషణ మొత్తం, తేదీ, సమయం కనిపించాలి. సమయాలన్నీ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలోకి మార్చి ఒకే వరసలో రాయాలి. రెండు దేశాల్లో ఉన్న ఇద్దరి స్క్రీన్‌షాట్లలో గంటలు తేడాగా ఉంటాయి, ఎవరు ముందు తిట్టారన్నది తారుమారవుతుంది. చాట్ గ్రూపుల్లో సందేశాన్ని తర్వాత మార్చవచ్చు, తుడిచేయవచ్చు. అందుకే ఆరోపణ ఎదుర్కొంటున్నవారికి నోటీసు పంపకముందే బృందం తనంతట తానుగా ఆధారాలను భద్రపరచాలి. ఈ వరస తప్పితే ఇక విచారించడానికి ఏమీ మిగలదు.

ఆ తర్వాత నోటీసు. ఏ తేదీన, ఎక్కడ, ఏ మాట లేదా ఏ పని, ఏ నియమం కింద అన్నవి నాలుగూ ఉండాలి. జవాబుకు ఏడు రోజులు ఇవ్వాలి. ఫిర్యాదుదారు పేరు దాచినా, సందర్భాన్ని బట్టి ఎవరో తెలిసిపోయే అవకాశం ఎక్కువ. కాబట్టి నోటీసు పాఠ్యాన్ని ముందుగా ఫిర్యాదుదారుకు చూపించి ఒప్పుదల తీసుకోండి. ఒప్పుకోకపోతే, బహిరంగంగా కనిపించే ఆధారాల మేరకే కేసు నడపండి. మేం కోరే గట్టి నియమం ఒకటుంది. ఆరోపణ ఎదుర్కొంటున్నవారికి కనీసం సారాంశంగానైనా చూపించని ఆధారంతో ఏడు రోజులకు మించిన నిషేధం వేయకూడదు. ప్రాణహాని, పిల్లల భద్రత లాంటివి దీనికి మినహాయింపు. అవి స్వచ్ఛంద బృందం తేల్చాల్సినవి కూడా కావు. వేదిక నడిపే సంస్థ భద్రతా విభాగానికి, అవసరమైతే పోలీసులకు వెంటనే అప్పగించాలి.

విచారణలో ఎవరు కూర్చోకూడదో కూడా రాయాలి. గత ఆరు నెలల్లో ఇరుపక్షాల్లో ఎవరితోనైనా గొడవపడినవారు, కలిసి ఒకే ప్రాజెక్టు నడిపినవారు, బంధువులు, బయట ఒకే సంస్థలో పనిచేసేవారు తప్పుకోవాలి. నిర్ణయానికి కనీసం ముగ్గురుండాలి. ముసాయిదాలో సభ్యుడు తన విచక్షణ మేరకు తప్పుకోవచ్చని ఉంది. అది సరిపోదు, తప్పుకోవాలని కోరే హక్కు ఇరుపక్షాలకూ ఉండాలి, ఆ కోరికను మిగతా సభ్యులు తేల్చాలి. మరో మాట. సంభాషణ ఏ భాషలో జరిగిందో ఆ భాష బాగా వచ్చినవారు ఒక్కరైనా విచారణలో ఉండాలి. యంత్రానువాదంలో వెటకారం పొగడ్తగా మారుతుంది, ఏకవచనంలో అన్న మాట మర్యాదగా వినిపిస్తుంది.

తాత్కాలిక చర్యలను శిక్షలతో కలిపేశారు. విడదీయండి. విచారణ సాగుతుండగా ఇద్దరినీ దూరంగా ఉంచడానికి ఫిర్యాదు అందిన 72 గంటల్లోపు తాత్కాలిక కట్టడి పెట్టవచ్చు, అది 14 రోజులకు మించకూడదు, కారణం రాసి ఒక్కసారి పొడిగించవచ్చు. నిరోధాల చిట్టా (లాగ్)లో పడ్డ వాక్యం చెరగదు కాబట్టి, విచారణ జరుగుతోంది, తప్పు తేలలేదు అనే రాయాలి. వికీలను నడిపే మీడియావికీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఖాతా మొత్తాన్ని ఆపకుండా కొన్ని పేజీల వరకే నిరోధించే వీలుంది, చాలా కేసులకు అది సరిపోతుంది. పూర్తి నిరోధమే పెట్టాల్సి వస్తే, సొంత చర్చాపేజీలో రాసే వీలును తీసేయకండి, జవాబు చెప్పుకునే దారి అదే. ఆ ఖాతా వాడిన ఇంటర్నెట్ చిరునామాను కూడా దానంతటదే ఆపే ఆటోమేటిక్ ఐపీ నిరోధాన్ని కూడా ఆలోచించి పెట్టండి. ఒకే కనెక్షన్ వాడే కళాశాల, గ్రంథాలయంలో సంబంధం లేని కొత్తవాళ్లు అందులో చిక్కుకుంటారు.

శిక్షలు మెట్లుగా ఉండాలి. అమెరికన్ పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్ 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్నది ఉమ్మడి వనరుల మీద పనికే. చేపల వేటలు, సాగునీటి కాలువలు, పచ్చిక బయళ్లు ఏళ్ల తరబడి ఎలా నిలిచాయో పరిశీలించి ఆమె చూపిన లక్షణాల్లో మూడు మనకు నేరుగా పనికొస్తాయి: నియమానికి లోబడేవారికి దాన్ని మార్చడంలో చోటు ఉండటం, తప్పు తీవ్రతను బట్టి పెరిగే శిక్షలు, తక్కువ ఖర్చుతో దగ్గర్లోనే తగవు తీరే ఏర్పాటు. కాంట్రిబ్యూటర్ కోవెనెంట్ 2.0 కూర్పులో కూడా సరిదిద్దడం, హెచ్చరిక, తాత్కాలిక నిషేధం, శాశ్వత నిషేధం అని నాలుగు మెట్లు పెట్టారు. మీ ముసాయిదాలో హెచ్చరిక నుంచి ఒక్కసారిగా శాశ్వత నిషేధానికి దూకారు. మధ్యలో ఏడు రోజులు, 30 రోజులు, ఆరు నెలలు పెట్టండి. ఫలానా అంశం మీద రాయకూడదు, ఫలానా పరికరం వాడకూడదు లాంటి పరిమిత ఆంక్షలు పెట్టండి. హద్దులు స్పష్టంగా రాయండి. ఆ అంశం చర్చాపేజీలో మాట్లాడవచ్చా లేదా అన్నది రాయకపోతే రెండో వారంలోనే కొత్త ఫిర్యాదు వస్తుంది. బెదిరింపు, సొంత వివరాలు బయటపెట్టడం లాంటి తీవ్రమైనవాటికి మెట్లు అక్కర్లేదు, నేరుగా పై శిక్షకే వెళ్లవచ్చు.

ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకూడదు అన్న ఆంక్షను అలవాటుగా వాడకండి. విచారించే ఓపిక లేనప్పుడు తేలిగ్గా తోచే పరిష్కారం ఇది. కానీ వేధింపు ఒకవైపు నుంచే జరిగితే, బాధితుల రికార్డులోనూ ఆంక్ష పడుతుంది. అవతలివారు ముందుగా ఒక పేజీలోకి దూరితే, బాధితులు తమ పాత పనిని వదులుకోవాల్సి వస్తుంది. తప్పు ఒకవైపు ఉందని తేలితే ఆంక్ష కూడా ఒకవైపే ఉండాలి.

అప్పీలు లేని నియమావళికి మేం ఓటు వేయం. విచారణ బృందంలో లేని ముగ్గురు అప్పీలు వినాలి. పద్ధతి తప్పడం, కొత్త ఆధారం, తప్పుకు మించిన శిక్ష అన్న మూడు కారణాల మీద 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు, మరో 30 రోజుల్లో తేల్చాలి. ఫిర్యాదు కొట్టేస్తే ఫిర్యాదుదారుకూ ఇదే హక్కు ఉండాలి. మీ ముసాయిదాలో ఆ ఊసే లేదు. మండలి సభ్యులు కూడా ఇదే నియమావళి కిందికి వస్తారని ఒక్క వాక్యంలో రాయండి. 2021 నవంబరు 22న రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష సముదాయంలో, ప్రవర్తనా నియమావళిని అమలుచేసే మోడరేషన్ బృందమంతా రాజీనామా చేసింది. కోర్ టీమ్ అనే పై బృందం తనకు తప్ప ఎవరికీ జవాబు చెప్పుకోని స్థితిలో ఉందని, అందువల్ల నియమావళిని దానికి వర్తింపజేయలేకపోయామని ఆ బృందం కారణం చెప్పింది. ఆ తర్వాత పాలనా నిర్మాణాన్నే మార్చుకుని, 2023లో నాయకత్వ మండలిని ఏర్పాటు చేసుకున్నారు. అంత దూరం వెళ్లకుండా మనం ఇప్పుడే రాసుకోవచ్చు.

రికార్డుల గురించి ముసాయిదాలో ఏమీ లేదు. ఫిర్యాదుల్లో మనుషుల జీవితాలుంటాయి. అవి ఉమ్మడి డ్రైవులో పడి ఉండటం, పదవి దిగిపోయినవారికి కూడా తలుపు తెరిచే ఉండటం తరచూ జరిగేదే. పదవి ముగిసిన రోజే అనుమతి తీసేయాలి. కొట్టేసిన ఫిర్యాదులను ఆరు నెలలకు, శిక్ష పడ్డవాటిని శిక్ష ముగిసిన రెండేళ్లకు తొలగించాలి. కేసు వివరాలు సొంత చాట్ గ్రూపులో పెట్టిన బృంద సభ్యుడిని తప్పించాలి. ఆరు నెలలకోసారి ఎన్ని ఫిర్యాదులు, ఏ రకం, ఏమైంది, ఎన్ని రోజులు పట్టింది అన్న నివేదిక రావాలి. ఏ రకంలోనైనా ఐదు కంటే తక్కువ ఉంటే వాటిని కలిపి చూపండి, లేకపోతే ఎవరి కేసో ఇట్టే తెలిసిపోతుంది.

బయటి ప్రవర్తన మీద చిన్న మాట. సముదాయం వెలుపల అన్న మాటలన్నీ మన పరిధిలోకి తేకండి. ఇక్కడి సభ్యుణ్ణి లక్ష్యంగా చేసుకుని, ఇక్కడి పనికి సంబంధించి బయట వేధిస్తే మాత్రమే వర్తించాలి. పాత విషయాలకు వెనక్కి వర్తించకూడదు. ఆమోదం పొందిన తేదీ తర్వాత కూడా కొనసాగుతున్న ప్రవర్తనకే వర్తించాలి.

నియమాలే వద్దంటున్న మిత్రులకు కూడా ఒక మాట చెప్పాలి. అందరం పెద్దవాళ్లమే, మనమే సర్దుకుంటాం అంటున్నారు. రాసిన నియమం లేనప్పుడు కూడా నిరోధాలు పడుతూనే ఉన్నాయి, హెచ్చరికలు వెళ్తూనే ఉన్నాయి. పాతవారికి ఆ అలిఖిత నియమాలు తెలుసు, కొత్తవారికి తెలియవు. మీరు భయపడుతున్నది అధికార దుర్వినియోగానికైతే, దానికి ఎక్కువ చోటిచ్చేది రాసిపెట్టని నియమమే. పద్ధతి రాయించడంలో మీరూ కలవండి.

ఆమోదం విషయంలో తొందర వద్దు. వికీపీడియాకూ దాని సోదర ప్రాజెక్టులకూ వర్తించే వికీమీడియా సార్వత్రిక ప్రవర్తనా నియమావళి అమలు మార్గదర్శకాలపై 2022 మార్చిలో ఓటింగు జరిగినప్పుడు మెజారిటీ వచ్చింది. అయినా ఓటర్లు రాసిన అభ్యంతరాలు చూసి, ట్రస్టీల బోర్డు వాటిని సవరణకు తిప్పి పంపింది. తప్పనిసరి శిక్షణ, నియమావళికి కట్టుబడతామన్న ప్రకటన, బాధితుల గోప్యతకు అవతలివారి వాదన వినిపించే హక్కుకు మధ్య సమతూకం అందులో ముఖ్యమైనవి. 2023 జనవరిలో రెండో ఓటింగులో 76 శాతం మద్దతు వచ్చింది, మార్చిలో బోర్డు ఆమోదించింది. ఓటింగు పత్రంలో అభిప్రాయం రాసే చోటు ఉండబట్టే ఆ అభ్యంతరాలు కనిపించాయి. మన ఓటింగులోనూ ఆ చోటు పెట్టండి. మొత్తం పత్రానికి ఒకే ఓటు కాకుండా నిర్వచనాలు, విచారణ, శిక్షలు, అప్పీలు అని నాలుగు భాగాలకు విడిగా ఓటు పెట్టండి.

అంతకుముందు చర్చ గడువును 30 రోజులు పొడిగించి, సవరించిన పాఠ్యం మీద మూడు ఊహాత్మక ఫిర్యాదులు నడిపి చూడండి. మండలి సభ్యుడి మీద పేరు చెప్పని ఫిర్యాదు ఒకటి, చాట్ గ్రూపులో ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నది ఒకటి, కొత్త సభ్యుడి మార్పులన్నీ ఒకరే వెనక్కి తిప్పినది ఒకటి. విచారణ బృందానికి నిలబడాలనుకుంటున్నవారికి విడివిడిగా ఇచ్చి, ఏ రోజు ఎవరు ఏం చేస్తారో రాయమనండి. జవాబులు పొంతన లేకుండా వచ్చిన ప్రతిచోటా ఇంకో వాక్యం రాయాల్సి ఉందని అర్థం.

విచారణ, అప్పీలు భాగాల పాఠ్యాన్ని రెండు వారాల్లో రాసి ఇవ్వడానికి మాలో కొందరు సిద్ధంగా ఉన్నారు. అలా రాసినవారెవరూ మొదటి విచారణ బృందానికి పోటీ చేయరు. మీ కమిటీ నుంచి ఇద్దరిని మాతో కూర్చోబెడితే పని మొదలుపెడతాం.

ఇట్లు,
ఈ ముసాయిదాపై సంతకం చేయని సముదాయ సభ్యులు